సీ18 కాట్రిడ్జ్: బోరు నీళ్లకు ఓకే, మూసీకి కష్టమే

నీళ్లలో పురుగుమందుల అవశేషాలు చూసేవాళ్ల కోసమే ఇది, మిగతావాళ్లకు విసుగు రావచ్చు. బ్రాండ్ పేరు రాయను. నీళ్లలోని మందును పట్టి ఉంచే సీ18 అనే పొడి 500 మిల్లీగ్రాములు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టమే ఈ కాట్రిడ్జ్. ముప్పై కాట్రిడ్జుల పెట్టె తెప్పించాం, రెండు నెలల్లో ఖాళీ అయింది.

మాది నల్లగొండలో చిన్న ల్యాబ్. ఇక్కడ అందరూ అడిగేది ఫ్లోరైడే, దానికైతే ఎలక్ట్రోడ్ ముంచితే చాలు, లెక్క తేలిపోతుంది. పురుగుమందు అలా కాదు, లీటరు నీళ్లలో ఒకటో రెండో మైక్రోగ్రాములు ఉంటుంది కాబట్టి ముందు దాన్ని నీళ్లలోంచి బయటికి లాగాలి. ఇన్నాళ్లూ లీటరు నీళ్లు సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసి, 60 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు డైక్లోరోమీథేన్ అనే ద్రావకం కలిపి ఊపేవాళ్లం. భుజాలు పోయేవి, సాయంత్రానికి తల దిమ్మెక్కేది.

కాట్రిడ్జ్‌తో ఆ బాధ లేదు. మిథనాల్, ఆ తర్వాత నీళ్లు పోసి తడపాలి, శాంపిల్‌ని నిమిషానికి 5–10 మిల్లీలీటర్ల వేగంతో లాగాలి, ఆరాక అందులో పట్టుకున్న మందును ఇథైల్ అసిటేట్‌తో దించి నైట్రోజన్ ఊదుతూ ఒక మిల్లీలీటరుకు తేవాలి. అంటే వెయ్యి రెట్లు చిక్కబడ్డట్టు. తడిపాక శాంపిల్ పోసేలోపు మాత్రం ఎండనివ్వొద్దు, మా కుర్రాడు ఫోన్ మాట్లాడుతూ రెండు ఎండబెట్టేశాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే. జీసీ‑ఎంఎస్ (ఏ మందు ఎంత ఉందో తేల్చే యంత్రం) మా దగ్గర లేదు, హైదరాబాద్ పంపాల్సిందే. ఇదివరకు అంబర్ గాజు సీసాలు ఐస్‌లో పెట్టుకుని బస్సెక్కేవాళ్లం, చిట్యాల దాటేలోపు ఒకటైనా పగిలేది. ఇప్పుడు నీళ్లు ఇక్కడే లాగేసి, కాట్రిడ్జులు చిన్న ఐస్ డబ్బాలో పట్టుకెళ్తున్నాం.

లోపాలకొస్తే, ఖాళీ కాట్రిడ్జ్ నడిపినా థాలేట్ (ప్లాస్టిక్‌లో కలిపే రసాయనం) పీక్ వస్తోంది, ప్లాస్టిక్ గొట్టం పుణ్యమే. బ్లాంక్, అంటే మందు లేని శుభ్రమైన నీళ్లతో ఓసారి, పెట్టకుండా దీన్ని వాడొద్దు. వాడపల్లిలో కృష్ణలో కలిసే ముందు పట్టిన మూసీ నీళ్లయితే పావులీటరు కూడా దిగకముందే మూసుకుపోయింది. గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌తో వడపోశాక కదిలింది గానీ మధ్యాహ్నమంతా దానికే పోయింది. వడపోస్తే మట్టికి అంటుకున్న మందు ఫిల్టర్ మీదే ఉండిపోతుందని కూడా గుర్తుపెట్టుకోండి.

అసలు టెన్షన్ మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుతో. లీటరుకు ఒక మైక్రోగ్రాము చొప్పున మందులు మేమే నీళ్లలో కలిపి చూస్తే అట్రాజిన్ అనే కలుపుమందు 90 శాతం దాకా తిరిగొచ్చింది, మోనోక్రోటోఫాస్ సగం కూడా రాలేదు. అది నీళ్లలో బాగా కరిగే రకం, సీ18కి అంటుకోకుండా నీళ్లతోపాటే జారిపోతుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 దానికి ఇచ్చిన పరిమితి కూడా ఆ ఒక్క మైక్రోగ్రామే. పత్తి చేలల్లో బోర్లకు ఈ కాట్రిడ్జ్ ఒక్కదాన్నే నమ్మి "మందు లేదు" అని రిపోర్టు ఇచ్చేస్తే రైతుకు అబద్ధం చెప్పినట్టే. ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా లేదు, అమ్మినాయన అన్నిటికీ పనిచేస్తుందన్నాడు.

అయిదుకు మూడున్నర ఇస్తా. రెండో పెట్టె ఆర్డర్ పెట్టాం, మోనోక్రోటోఫాస్ కోసం సీ18 బదులు పాలిమర్ నింపిన కాట్రిడ్జులు ఓ పది విడిగా చెప్పాం.