చార్మినార్ చుట్టూ వారసత్వ నడక: ఆషూర్‌ఖానాకు దక్కిన సమయం, లాడ్ బజార్‌కు దక్కని సమయం

ఆదివారం ఉదయం ఏడు గంటలకు చార్మినార్ దగ్గర మొదలై పది దాటాక ముగిసే ఒక వారసత్వ నడకకు గత నెలలో మా అమ్మతో కలిసి వెళ్లాను. ఎన్నో ఏళ్లుగా హైదరాబాదులోనే ఉంటున్నా, గాజులు కొనడానికి వచ్చినప్పుడు పక్కన కనిపించే కట్టడంగానే మేము చార్మినార్‌ను చూశాము.

గైడ్ మమ్మల్ని మినార్ల కింద నిలబెట్టకుండా నేరుగా ఉత్తరాన ఉన్న గుల్జార్ హౌజ్‌కు తీసుకువెళ్లడం మంచి నిర్ణయం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్‌ను కట్టించాక, దానికి ఉత్తరాన నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు లేచాయని, వాటి నడుమ ఈ హౌజ్ ఉండేదని, పడమటి కమాన్ గుండా రాజప్రాసాదానికి దారి సాగేదని అక్కడే నిలబడి చెప్పడంతో, ఆటోలు చుట్టి తిరిగే ఆ చిన్న కొలను ఒకనాటి రాచకూడలిగా కళ్లకు కట్టింది. అక్కడి నుంచి పత్తర్‌గట్టి రాతి వరండాల వెంట నడుస్తూ, 1908 మూసీ వరదల తరువాత నగరాన్ని చక్కదిద్దేందుకు 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు గురించి విన్నాము.

మొహర్రం సంతాప సభల కోసం కట్టిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో గడిపిన అరగంట కోసమైనా ఈ నడకకు మళ్లీ వెళ్లవచ్చు. ముందున్న చెక్క స్తంభాల మండపం ఆసఫ్‌జాహీల (నిజాముల) కాలంలో చేరినది; లోపలి గోడల మీది రంగు పలకల పని మాత్రం కులీ కుతుబ్ షా హయాంలో, 1611 నాటికి పూర్తయినది. పసుపు, నీలం, ఆకుపచ్చ పలకలతో కూర్చిన ఆలం (మొహర్రంలో ఊరేగించే పతాకం) ఆకారాలను చూడగానే అమ్మ, “ఇవి మన పీర్లే కదా” అంది. తన పుట్టిన ఊళ్లో పీర్ల పండుగకు ఊరంతా పీర్ల వెంట నడిచే సంగతిని ఆమె చెబుతుంటే, గైడ్ తన వివరణ ఆపి శ్రద్ధగా విన్నాడు. ఆ తరువాత, వరదలో దెబ్బతిన్న గోడల కింది భాగంలో పలకల స్థానంలో రంగులతో వేసిన అనుకరణను చూపించి, పైభాగంలోని అసలు పనితో పోల్చి చూడమన్నాడు. తేడాను మాకు మేముగా కనిపెట్టేలా చేసిన ఆ పద్ధతి నాకెంతో నచ్చింది.

1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయిన మక్కా మసీదును మాత్రం బయటి నుంచే చూపించి ముందుకు నడిపించారు. గుంపు పెద్దది కావడంతో, రద్దీ దారిలో వెనకున్నవారికి గైడ్ మాట వినబడలేదు. పెద్దవాళ్లు కూర్చోవడానికి ఎక్కడా విరామం ఇవ్వలేదు.

అసలు లోటు గాజుల దుకాణాల వీధి అయిన లాడ్ బజార్‌లో ఎదురైంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిందని గైడ్ గర్వంగా చెబుతున్న సమయానికి చుట్టూ ఉన్న దుకాణాలు ఇంకా తెరుచుకోలేదు. మా కోసం ముందుగా తెరిపించిన ఒక కార్ఖానాలో ఇరవైమందిమి పది నిమిషాలు కిక్కిరిసి నిలబడ్డాము గానీ, లక్కను కరిగించే చేతులు ముందువరుసకు తప్ప ఎవరికీ కనిపించలేదు. ఈ పేటలో నేటికీ బతికి ఉన్న పనితనాన్ని చూపడానికి ఉదయం వేళ సరిపోదు కాబట్టి, నిర్వాహకులు మధ్యాహ్నం కూడా ఒక నడకను ఏర్పాటు చేయాలి.

నడక ముగిశాక మేమిద్దరం బజారు తెరిచేదాకా ఆగి, అదే కార్ఖానాకు తిరిగి వెళ్లాము. నిప్పుల సెగకు మెత్తబడిన లక్కను కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి చల్లారకముందే దాని మీద ఒక్కొక్క రాయిని అద్దే తీరును అమ్మ పక్కనే కూర్చుని చివరిదాకా చూసింది.