మూడేళ్లుగా గ్రీన్ జోన్‌ని నమ్ముకుని ఎగరేస్తున్నా: గుంటూరు ఫంక్షన్ల ఫొటోగ్రాఫర్ అనుభవం

డ్రోన్ కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది అనేవి ఇక్కడ రాయడం లేదు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడేళ్లుగా ప్రతి ఫంక్షన్‌కీ ముందు నేను తెరిచి చూసుకునే డిజిటల్ స్కై మ్యాప్ గురించి రాస్తున్నా. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో గ్రీన్, ఎల్లో, రెడ్ రంగుల్లో చూపించే ప్రభుత్వ సైటు అది. నా బతుకుతెరువు సగం దాని మీదే నడుస్తోంది.

2021 ఆగస్టులో డ్రోన్ రూల్స్ వచ్చాక ఈ మ్యాప్ మాలాంటి వాళ్లకి పెద్ద అండ అయింది. గ్రీన్‌లో 400 అడుగుల వరకు ఎవర్నీ అడగక్కర్లేదు. ఎల్లోలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. రెడ్ అయితే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి. నేను తిరిగే పల్లెల్లో ఎక్కువ భాగం పచ్చగానే కనిపిస్తుంది. మొదటి ఏడాది ఆ పచ్చ రంగు చూస్తే చాలు, ఇంక ఏ దిగులూ ఉండేది కాదు.

గన్నవరం వైపు వెళ్తే మాత్రం లెక్క మారుతుంది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపు ఉంటే గ్రీన్ 200 అడుగుల వరకే. కంకిపాడులో పెళ్లి ఒప్పుకున్నప్పుడు ఇది తెలిసింది. రూల్ అడుగుల్లో ఉంటుంది, మన రిమోట్‌లో ఎత్తు మీటర్లలో పడుతుంది. 200 అడుగులంటే సుమారు 60 మీటర్లు. అక్కడికి వెళ్తే ముందే రిమోట్‌లో హద్దు 55కి పెట్టేస్తా. మండపం, పందిరి, ఊరేగింపు అన్నీ ఆ ఎత్తులోనే బాగా వస్తాయి.

కాగితాల సంగతి త్వరగా చెప్తా. నాది 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉండే మైక్రో తరగతి. సరదాకి ఎగరేసుకుంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పెళ్లి వాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటే కావాలి. ట్రైనింగ్‌కి వెళ్లి తెచ్చుకున్నా, పదేళ్లు పనిచేస్తుంది. డ్రోన్‌కి యూఐఎన్ (అంటే దాని రిజిస్ట్రేషన్ నంబరు), థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్నాయి. 250 గ్రాములు దాటని నానో తరగతిది కొంటే సర్టిఫికెట్ గొడవే లేదని మా వాళ్లు అంటుంటారు, నిజమే. కానీ 250 గ్రాములంటే పైన తగిలించినవన్నీ కలిపి. మా స్నేహితుడి నానోని వాళ్ల బావగారి బంగారం కొట్లో కాటా మీద పెట్టి చూశాం. ఒట్టిది 249 చూపించింది. రెక్కలకి గార్డులు బిగించగానే 250 దాటేసింది. అంటే అది ఇంక నానో కాదు.

ఇప్పుడు అసలు విషయం. కిందటేడు కృష్ణ ఒడ్డున ఒక లంక ఊళ్లో ఓణీల ఫంక్షన్. అమ్మాయిని అరటి తోటల మధ్య నుంచి ఎడ్లబండి మీద తీసుకొస్తారు, అది పైనుంచి తీయాలి. నన్ను పిలిచిందే దానికోసం. ముందురోజు రాత్రి మ్యాప్ చూశా, గ్రీన్. పొద్దున 9 గంటలకి బండి ఇంకా కదలకముందే ఒకసారి పైకి లేపి చూసుకుంటున్నా. బైకు మీద ఇద్దరు పోలీసులు వచ్చారు. ఇసుక రీచ్ దగ్గర ఎవరో పైనుంచి వీడియో తీస్తున్నారని ఫోన్ వెళ్లిందట.

"పర్మిషన్ లెటర్ ఏదయ్యా?"

"సార్, ఇది గ్రీన్ జోనండి. ఇక్కడ పర్మిషన్ అక్కర్లేదండి."

"సరే, అక్కర్లేదని కాగితం చూపించు."

నా దగ్గర అన్నీ ఉన్నాయి. సర్టిఫికెట్, యూఐఎన్, ఇన్సూరెన్స్ చూపించా. అవి నీవీ డ్రోన్‌వీ, ఈ ఊరి సంగతేంటి అన్నారు. మ్యాప్ చూపిద్దామంటే లంకలో సిగ్నల్ లేదు. తెల్లటి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఎవరూ ఇవ్వక్కర్లేని అనుమతికి నేను కాగితం ఎక్కణ్ణుంచి తేవాలి? డ్రోన్ దింపించి బ్యాగుతో సహా స్టేషన్‌కి తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లా. బండి వచ్చేసింది, మేళం మోగింది, మా కుర్రాడు నేల మీద నుంచి తీశాడు. అమ్మాయి నాన్నగారు ఫోన్ చేసి ఒక్క మాటే అన్నారు: "దానికోసమే కదయ్యా నిన్ను పిలిచింది." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రం 4కి ఎస్సైగారు వచ్చారు. కోప్పడలేదు. తన ఫోన్‌లోనే మ్యాప్ తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి, లంక దాకా వచ్చి ఆగారు. అంతా పచ్చగా ఉంది. "ఇది పొద్దునే చూపించి ఉంటే అయిపోయేదిగా" అన్నారు. బ్యాగు చేతికిచ్చి, బ్యాటరీలు లెక్క చూసుకోమన్నారు. బుడమేరు వరదల్లో సింగ్‌నగర్ మేడల మీదికి డ్రోన్లతో అన్నం, మందులు చేరవేయడం గురించి కాసేపు మాట్లాడారు. మంచాయనే. కానీ ఎడ్లబండి మళ్లీ రాదు కదా.

అప్పట్నుంచి ఒక ఫైలు వెంట ఉంచుకుంటున్నా. గ్రీన్ జోన్ గురించిన రూల్ పేజీ, నా కాగితాలు, ఆ ఊరు కనిపించేలా మ్యాప్ ప్రింటు. తర్వాత రెండుసార్లు పోలీసులు ఆపారు, రెండుసార్లూ ఫైలు చూసి అయిదు నిమిషాల్లో వదిలేశారు.

కానీ ఆ ప్రింటునీ పూర్తిగా నమ్మలేమని మంగళగిరిలో తెలిసింది. ప్రీ వెడ్డింగ్ షూట్, రాత్రి తీసిన ప్రింటులో గ్రీన్. తెల్లవారుజామున టీ బండి దగ్గర అలవాటు కొద్దీ మళ్లీ తెరిస్తే అక్కడ ఎర్రటి మచ్చ. ఎస్పీ స్థాయి అధికారి అవసరమైతే 96 గంటల దాకా ఒక ప్రాంతాన్ని తాత్కాలికంగా రెడ్ చేయొచ్చు. పెద్దవాళ్ల సభలు, పర్యటనలు ఎక్కువగా ఉండే మన రాజధాని ప్రాంతంలో ఇది ఏ రోజైనా రావచ్చు. నాకు మెసేజ్ రాలేదు, మెయిల్ రాలేదు. ఎగరేసేముందు చూసుకోవాల్సిన బాధ్యత మనదే, రూల్‌లోనే ఉంది. అది సబబే. చూడకుండా లేపి ఉంటే జరిమానా లక్ష దాకా పడొచ్చు. ఆ రోజు డ్రోన్ బ్యాగులోంచి తియ్యలేదు.

అందుకని మొదట్లో ఈ మ్యాప్ చాలు అని అందరికీ చెప్పినవాణ్ణి ఇప్పుడు అలా చెప్పడం లేదు. లంకల్లోకి వెళ్లేటప్పుడు కరకట్ట దిగకముందే, సిగ్నల్ ఉన్న చోట బండి ఆపుతా. మ్యాప్ తెరిచి, తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకుంటా. "ఈ తేదీన, ఈ గంటకి ఇక్కడ గ్రీన్" అని ఒక చీటీ ఆ సైట్ నుంచే వస్తే మాకు ఎంత మేలో. నేను కోరేది అదొక్కటే.

నాలాగా నెలకి ఏడెనిమిది ఫంక్షన్లు, అదీ పల్లెల్లో చేసేవాళ్లకి ఈ ఏర్పాటు బాగానే పనికొస్తుంది, నేను వదలను. విజయవాడ ఊళ్లోనే పనిచేసే వాళ్ల ఇబ్బందులు వేరు, వాటి గురించి నేను చెప్పలేను. ఏడాదికి ఒకటీ రెండుసార్లు ఎగరేసేవాళ్లయితే ట్రైనింగ్ ఖర్చు వెనక్కి వస్తుందో లేదో ముందు లెక్క వేసుకోండి. నాకు రెండో సీజన్‌లో వచ్చింది. ఆ ఓణీల ఫంక్షన్ డబ్బు మాత్రం నేను తీసుకోలేదు.