సర్కారు తుమ్మ ముళ్ళ మీద ట్యూబ్‌లెస్ సైకిల్ టైర్లు: రెండేళ్ళు తొక్కాక

ట్యూబ్‌లెస్ అంటే ఏంటి, రిమ్ముకి టేపు ఎలా చుట్టాలి అనే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ముళ్ళ సంగతి. నెల్లూరు చుట్టుపక్కల సైకిల్ తొక్కేవాడికి ఎండ కన్నా, ముత్తుకూరు రోడ్డు లారీల కన్నా, సముద్రం వైపు నుంచి కొట్టే ఎదురుగాలి కన్నా పెద్ద శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. ఆ ముల్లు విషయంలో ఈ టైర్లు నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. వేయించి రెండేళ్ళు దాటింది, ఇప్పటికీ ఆ సంతోషం తగ్గలేదు. మధ్యలో ఒకరోజు నన్ను బాగా ఏడిపించాయి, ఇంత పొడుగు రాయాల్సి వస్తున్నది నిజానికి దాని కోసమే.

నేను ఎక్కువగా తిరిగేది ఇందుకూరుపేట మీదుగా మైపాడు వైపు, లేదంటే పెన్న పక్కన జొన్నవాడ దాకా. తారురోడ్డు వదలకుండా తొక్కేవాళ్ళకి ఈ గొడవ ఇంత ఉండదు. నాకు కాలవ గట్లు, రొయ్యల గుంటల మధ్య మట్టిదారులు కావాలి, అక్కడ కంప లేని చోటంటూ లేదు. 1870ల్లో ఇంగ్లీషువాళ్ళు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన పక్కనున్న కడప జిల్లాలో నాటిన చెట్టు ఇది, ఇప్పుడు చెరువు కనిపిస్తే చెరువులో, గట్టు కనిపిస్తే గట్టు మీద మొలిచి కూర్చుంది. బొగ్గుల బట్టీలకి ట్రాక్టర్ల మీద తోలేటప్పుడు రెమ్మలు దారిపొడుగునా రాలతాయి. పొలాలకి, గుంటలకి దడి కట్టేదీ ఈ కంపతోనే. పచ్చిగా ఉన్నప్పుడు ముల్లు కాస్త వంగుతుంది. ఎండిందంటే మాత్రం రెండంగుళాల ఇనుప సూదే, చెప్పు అడుగు నుంచి అరికాల్లోకి దిగుతుంది, ఇక సైకిల్ టైరు దానికి ఒక లెక్కా? దీనికి తోడు సముద్రం దగ్గరికి పోయేకొద్దీ ఇసకలో పల్లేరు కాయలు.

ట్యూబులున్న రోజుల్లో నా బతుకంతా ప్యాచ్‌లే. తెల్లవారుజామున ఐదింటికి ఏ పంక్చర్ షాపు తెరిచి ఉంటుంది చెప్పండి. టైరు లోపల వేసే ప్లాస్టిక్ పట్టీ కూడా వాడి చూశా, బండి బరువెక్కింది, పైగా ఆ పట్టీ అంచే ఒరుసుకుని ట్యూబుకి బెజ్జం పెట్టింది.

ట్యూబ్‌లెస్ వేయించాక మొదటి ముల్లు దిగిన క్షణం నాకు బాగా గుర్తుంది. ముందు చక్రం తిరిగినప్పుడల్లా టిక్ టిక్‌మని ఏదో తగులుతోంది. దిగి చూస్తే, నడిమధ్యలో ముల్లు మొదలంటా దిగి ఉంది, చిన్న రెమ్మ ముక్క కూడా దానికే అతుక్కుని ఉంది. పట్టుకుని లాగా. సుయ్‌మని గాలి, దాంతో పాటు తెల్లటి పాలు బుసబుసా నురుగు కట్టి బయటికొచ్చాయి. బెజ్జం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకున్నా. నురుగు కాసేపు బుడగలు బుడగలుగా వచ్చింది, తర్వాత ఒక్కో బుడగ, తర్వాత ఏమీ లేదు. వేలితో తుడిస్తే తడి తప్ప గాలి తగల్లేదు. పంపు కూడా తియ్యకుండా సైకిలెక్కి మైపాడు దాకా పోయి వచ్చా. లోపల పోసే ఈ సీలెంటు రబ్బరు పాలే, రబ్బరు చెట్టు నుంచి కారేదే, దాన్ని పలచగా చేసి, బెజ్జంలో ఇరుక్కోవడానికి సన్నటి నలుసులు కలుపుతారు. గాలి తోసుకొచ్చే బలంతోనే అవి బెజ్జంలోకి చేరి గడ్డకడతాయి, తెలిసిన సంగతే. తెలియడం వేరు, కళ్ళ ముందు టైరు తన గాయం తానే మాన్పుకోవడం చూడటం వేరు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా వివరంగా చెప్పా.

ఇంకో లాభం గాలి తక్కువ పెట్టుకోవడం. నా బండికి 40 ఎంఎం టైర్లు. ట్యూబున్నప్పుడు గాలి తగ్గిస్తే రాయి తగిలినచోట రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు బెజ్జాలు పడేవి. ఇప్పుడు ఆ భయం లేదు, 35 పీఎస్ఐ దగ్గర పెట్టి కంకర దారిలో పోతుంటే చేతులకి ఆ గిలగిల లేదు, నడుం నొప్పి కూడా తగ్గింది. ఇదొక్కటే అయినా డబ్బు పెట్టొచ్చు అనుకున్నా.

అయితే మొదటి వేసవి వచ్చేసరికి తెలిసింది, సీలెంటు సీసా మీద రెండు నుంచి ఆరు నెలలు ఉంటుందని రాసింది మన ఊరి లెక్క కాదని. సీలెంటులో చాలావరకు ఉండేది నీళ్ళే కదా, టైరు గోడల్లోంచి అవి మెల్లమెల్లగా ఆవిరైపోతాయి, ఎండ ఎక్కువైతే ఇంకా తొందరగా. మార్చిలో పోసింది రోహిణి కార్తె నాటికి పాల మీద మీగడలా టైరు లోపల అంటుకుపోయి ఉంది, ద్రవం అన్నది చుక్క లేదు. అందుకని ఇప్పుడు కొబ్బరి చీపురు పుల్లతో చూసుకుంటున్నా. గాలి తీసేసి, వాల్వు కోరు (వాల్వు లోపల బిగించి ఉండే చిన్న పిన్ను) విప్పి, వాల్వు కిందివైపు ఉండేలా చక్రం ఆపి, కాసేపాగి పుల్ల దూర్చి తీస్తే తడి ఎంత మేర అంటిందో తెలుస్తుంది. తెల్లగా తడిగా వస్తే సరే, పొడిగా వస్తే పోయాల్సిందే. మార్చి నుంచి జూన్ దాకా నేను నెలకోసారి చూస్తా. మండే మధ్యాహ్నం సైకిల్ని మేడ మీద రేకుల కింద పెట్టేవాళ్ళకి ఇంకా తొందరగా ఆరిపోతుంది. పెట్టి మరిచిపోవచ్చు అని అమ్మేవాళ్ళు చెప్పే మాట మన దగ్గర చెల్లదు.

ఇక ఆ రోజు సంగతి.

మైపాడు రోడ్డు దిగి రొయ్యల గుంటల గట్టు మీద పోతున్నా. బురదలో సగం పూడిన తుప్పు రేకు ఒకటి, గుంటలో నీళ్ళు చిలికే పాత ఏరియేటర్ తాలూకు అనుకుంటా, వెనక టైరు పక్కగోడని కోసింది. టప్‌మని శబ్దం, కాలి పిక్క నిండా తెల్లటి సీలెంటు. కోత దాదాపు సెంటీమీటరు. బైకుల ట్యూబ్‌లెస్ టైర్లకి బెజ్జంలో రబ్బరు స్ట్రిప్ దూరుస్తారు చూశారా, సైకిళ్ళకీ అలాంటివే సన్నటివి ఉంటాయి, నా దగ్గర ఉన్నాయి. ఒకటి దూర్చా, నిలవలేదు. రెండు కలిపి దూర్చా, గాలి కొట్టగానే ఊడి వచ్చాయి. రోడ్డుకి తగిలే చోట రబ్బరు మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ స్ట్రిప్ పట్టుకుంటుంది, పక్కగోడలో ఉండేది పలచటి దారాల పొర, అందులో ఏం పట్టుకుంటుంది.

సరే, ఇలాంటప్పుడు ట్యూబు వేసుకుని ఇంటికి చేరాలి, అందరూ చెప్పేది అదే. సంచిలో కొత్త ట్యూబు ఉంది. ట్యూబ్‌లెస్ వాల్వు విప్పి, జిగురు జిగురుగా ఉన్న టైరు ఒకవైపు ఊడదీసి, కోత దగ్గర లోపలివైపు బిస్కెట్ ప్యాకెట్ కవరు మడతపెట్టి అడ్డం ఉంచి, ట్యూబు వేసి గాలి కొట్టా. చేతులు, బనీను, సీటు అన్నీ రబ్బరు పాలే. బయల్దేరా. కిలోమీటరు పోయానో లేదో వెనక చక్రం మెత్తబడింది. మళ్ళీ ఊడదీస్తే కోత దగ్గర ఏమీ కాలేదు, ట్యూబు ఇంకెక్కడో పోయింది. ప్యాచ్ వేశా. ఈసారి అరకిలోమీటరు. మళ్ళీ ఊడదీస్తే బెజ్జం మరోచోట. ఎండ నెత్తికెక్కింది, ప్యాచ్‌లు అయిపోయాయి. మేత బస్తాలు దించేసి వెనక్కి పోతున్న ట్రాలీ ఆటో ఆయన చూసి ఆపి, "ఎక్కించన్నా, ముందు ఊళ్ళో షాపుంది" అని సైకిల్ని తానే ఎత్తి లోపల పెట్టాడు.

ఆ షాపులో పెద్దాయన ట్యూబ్‌లెస్ సైకిల్ టైరు అంతకుముందు చూడలేదు. ట్యూబు సంగతి తర్వాత అన్నట్టు పక్కన పడేసి, టైరు మొత్తం ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాత బనీను గుడ్డని ఉండలా చుట్టి టైరు లోపల మెల్లగా రాసుకుంటూ పోయాడు. రెండు జానలు పోయిందో లేదో గుడ్డ ఎక్కడో పట్టుకుంది. అక్కడ ఎండిన సీలెంటు పొరని గోటితో లేపితే కింద ముల్లు మొన. పెన్సిల్ ముల్లంత కూడా లేదు, బయటివైపు రోడ్డుకి అరిగి విరిగిపోయింది, లోపలి మొన మాత్రం వాడి తగ్గకుండా నిలబడి ఉంది. శ్రావణంతో పీకి సొల్యూషన్ డబ్బా మూత మీద పెట్టాడు. మళ్ళీ గుడ్డ. ఇంకో ముల్లు. ఇంకోటి.

"ఇదేం టైరబ్బయా, లోపలంతా ముళ్ళకంపే ఉండాది" అన్నాడు.

"ముల్లు దిగినా గాలి పోని టైరు పెద్దాయనా ఇది, దానంతటదే అతుక్కుంటుంది" అన్నా.

"అతుక్కుంటే ముల్లు యాడికి పోద్ది, ఆడే ఉంటది గదా. ట్యూబేసినాక అది ఊరుకుంటదా?" అని ఇంకోటి పీకాడు.

విషయమంతా అదే. ఇన్ని నెలలు నేను చూసి పీకిన ముళ్ళు కొన్నే. నా కంటబడకుండా దిగి, విరిగి, సీలెంటు చుట్టూ గడ్డకట్టి లోపల ఉండిపోయినవి బోలెడు. ట్యూబ్‌లెస్‌గా ఉన్నంతకాలం వాటితో ఏ ఇబ్బందీ లేదు, లోపల ఉన్నది గాలే కాబట్టి. ట్యూబు వేసిన మరుక్షణం ఒక్కోటీ దానిలోకి దిగుతుంది. టైరు అమ్మిన షాపులో, నేను చదివిన కాగితాల్లో, ఎక్కడా ఈ మాట లేదు. అత్యవసరానికి ట్యూబు దగ్గరుంచుకోండి అని మాత్రం అందరూ రాస్తారు. కంప లేని దేశాల్లో ఆ మాట సరిపోతుందేమో, మన దగ్గర ఆ మాట నమ్మి గుంటల మధ్యకి పోతే నాలాగే దారిలో చిక్కుకోవాలి. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదొక్కటే.

పెద్దాయన ముళ్ళన్నీ పీకాక, పాత సైకిల్ టైరు ముక్క కోసి, అంచులు బ్లేడుతో పలచగా చెక్కి, కోత మీద లోపలివైపు ఆ ముక్కనే గేటర్‌గా వేశాడు. చెక్కకపోతే ఆ అంచే ట్యూబుని తినేస్తుందని కూడా చెప్పాడు. రెండు బెజ్జాలకీ ప్యాచ్‌లు వేసి, నీళ్ళ తొట్టిలో ముంచి చూసి, గాలి పెట్టి ఇచ్చాడు. ఆ గేటర్‌తో, ఆ ట్యూబుతోనే కొత్త టైరు వచ్చేదాకా వారాలపాటు తిరిగా, తారురోడ్డు మీద మాత్రమే అనుకోండి. టైరు పనిలో అంత ఓపికగా, అంత శుభ్రంగా చేసినవాళ్ళని ఊళ్ళో పెద్ద షాపుల్లో కూడా నేను చూడలేదు.

అప్పటినుంచి పద్ధతి మార్చా. వేసవికి ముందొకసారి, నవంబరు వానలు తగ్గాక ఒకసారి టైరు పూర్తిగా ఊడదీసి, ఎండిన పొర వొలిచి, గుడ్డతో రాసి ముళ్ళు ఏరేస్తా. పీకిన చోట్ల బెజ్జాలు తెరుచుకుంటాయి, కొత్త సీలెంటు పోసి గాలి కొట్టగానే వాటంతట అవే మూసుకుంటాయి. ఆ పనికి ఒక ఆదివారం పొద్దున పూర్తిగా పోతుంది. తిరిగి ఎక్కించడం చేతి పంపుతో నా వల్ల కాలేదు, టైరు అంచులు రిమ్ములో టప్ టప్‌మని కూర్చోవాలంటే ఒక్కసారిగా గాలి తొయ్యాలి. ప్రెస్టా అనే సన్నరకం వాల్వుకి అడాప్టర్ తగిలించి, టైరు అంచుకి సబ్బు నీళ్ళు రాసి, వీధి చివర బైకుల పంక్చర్ షాపులో కంప్రెసర్‌తో కొట్టించుకుంటా. వాల్వు కోరులో సీలెంటు గడ్డకట్టి గాలి ఎక్కకపోవడం మామూలే, రెండు కోర్లు దగ్గర ఉంచుకుంటే సరి. చిన్న గ్యాస్ సిలిండర్లతో గాలి నింపేవాళ్ళు ఒకటి చూసుకోండి, ఆ చల్లటి కార్బన్ డయాక్సైడుకి కొన్ని రకాల సీలెంట్లు లోపలే గడ్డకడతాయి. నేను పంపే వాడతా.

దారిలో ట్యూబు వేయాల్సి వస్తే ఏం చెయ్యాలని అడుగుతారు కాబట్టి చెబుతున్నా. సంచిలో ఇప్పుడు ఒక గుడ్డ ముక్క, చిన్న శ్రావణం, ఇంట్లోనే చెక్కి పెట్టుకున్న గేటర్ ముక్క ఉంటాయి. టైరు లోపలంతా గుడ్డ తిప్పి, దొరికినవి పీకి, అప్పుడే ట్యూబు. అరగంట పైనే పడుతుంది. నీడ చూసుకుని కూర్చోండి.

మరి వేయించుకోవాలా అంటే, నాలాగా గట్ల మీద, కంకర దారుల్లో వారానికి మూడు నాలుగు రోజులు తిరిగేవాళ్ళయితే, నెలకోసారి చీపురు పుల్ల పెట్టి చూసే ఓపిక ఉంటే, వేయించుకోండి, నేనైతే ట్యూబులకి తిరిగి పోను. పక్కగోడ మందంగా ఉన్న టైరు కొనండి, కాస్త బరువైనా సరే. నాకు ఇంటి దగ్గర కంప్రెసర్ ఉన్న షాపు ఉంది, ఆదివారం పొద్దున ఖాళీ ఉంటుంది, ఈ రెండూ లేకపోతే నా మాట కూడా వేరేగా ఉండేదేమో. సన్న టైర్ల రోడ్డు బండిలో నా అనుభవం సున్నా, అందులో గాలి ఎక్కువ ఉంటుంది కాబట్టి సీలెంటు ఇంత తేలిగ్గా మూస్తుందని నేను చెప్పలేను. నెలల తరబడి సైకిల్ కదలకుండా మూల పెట్టేవాళ్ళకి మాత్రం దండగ, సీలెంటు లోపలే ఆరిపోతుంది. మా అమ్మాయి స్కూలు సైకిల్‌కి కూడా వేయించమని అడుగుతోంది, దానికి మందపాటి టైరూ మామూలు ట్యూబే ఉంచా, వీధి చివర షాపులో పది నిమిషాల్లో పంక్చర్ వేసిస్తారు, ఆ దూరానికి అది చాలు.