భోయిగూడ, కొల్లూరు, కోకాపేట: నగరం కోలుకోవడానికి ఏ ఇల్లు మేలు?

పద్మారావు నగర్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఇళ్ల పనులు చేసే ఆవిడకు నగరం పడమటి అంచున ఉన్న కొల్లూరులో, పేదలకు ప్రభుత్వం కట్టి ఇచ్చే డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. ఇరవై ఏళ్లు రేకుల కప్పు కింద అద్దెకున్న మనిషి. తాళాలు అందుకున్న రోజు మాకందరికీ మిఠాయి పంచింది. ఇప్పుడు పొద్దున్నే లింగంపల్లికి ఒక బస్సు, అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు ఇంకో బస్సు ఎక్కి వస్తోంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి డబ్బు ఖర్చు కాదు. రానూపోనూ నాలుగు గంటలు ఖర్చవుతాయి. ఇదివరకు నాలుగిళ్లలో పనిచేసేది, ఇప్పుడు రెండే.

మాకు దగ్గర్లోనే భోయిగూడ ఐడీహెచ్ కాలనీ ఉంది. అక్కడివీ డబుల్ బెడ్‌రూం ఇళ్లే. ఒకే పథకం, ఇంచుమించు అంతే వైశాల్యం. అయినా ఆ ఇల్లు, ఈ ఇల్లు ఒకటి కావు. కరోనా తర్వాత హైదరాబాద్ కోలుకుందని చెప్పడానికి భూముల వేలం ధరలు, రిజిస్ట్రేషన్ల ఆదాయం చూపిస్తారు. నాకు మాత్రం ఇంటికీ పనికీ మధ్య ఉన్న దూరమే అసలు కొలత అనిపిస్తుంది. ఆ కొలతతోనే ఈ రెండింటినీ, ఖరీదైన టవర్లు లేస్తున్న కోకాపేటనూ చూస్తాను.

ఐడీహెచ్ కాలనీ 2015 నవంబరులో పూర్తయింది. శిథిలమైన పాత ఇళ్లను పడగొట్టి అదే నేల మీద జీ ప్లస్ టూ (నేల అంతస్తు, దానిపై రెండు) పద్ధతిలో 396 ఇళ్లు కట్టి అక్కడివారికే ఇచ్చారు. కుటుంబాలు పాత చోటికే తిరిగి వచ్చాయి. గాంధీ ఆసుపత్రి, రైల్వే స్టేషన్, పిల్లల బడి, పని ఇచ్చే ఇళ్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మరొకటి కూడా ఉంది, అది ఏ ప్రాజెక్టు నివేదికలోనూ కనిపించదు: వీధి చివర కిరాణా కొట్టులో ఖాతా. 2020లో కూలి ఆగిపోయిన నెలల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది ఆ ఖాతా వల్లనే. ముఖం తెలిసినవాడే అరువిస్తాడు. ఊరి అంచుకు మారిన కుటుంబం ఆ ముఖపరిచయాన్ని మొదటి నుంచి సంపాదించుకోవాలి. అందుకు ఏళ్లు పడుతుంది.

మూడంతస్తులు కావడంలోనూ ఒక మేలుంది. లిఫ్టు లేకుండా గడుస్తుంది. లిఫ్టుకు కరెంటు బిల్లు, మరమ్మతు, ఏటా నిర్వహణ ఒప్పందం కావాలి. నెలకు పదిహేను వేలు సంపాదించే ఇంటికి ఆ చందా కూడా అద్దెలాంటిదే.

అయితే ఈ పద్ధతి సులువు కాదు. కట్టినన్నాళ్లూ జనం ఇళ్లు ఖాళీ చేసి ఎక్కడో అద్దెకుండాలి, మళ్లీ ఇస్తామన్న మాటను నమ్మాలి. ఒక్క ఇల్లు ఖాళీ కాకపోయినా పని కదలదు. బస్తీల్లో నేల తక్కువ, కట్టగలిగే ఇళ్లూ తక్కువే.

కొల్లూరు బలం ఆ సంఖ్యే. 2023 జూన్ 22న ప్రారంభమైన ఈ కాలనీలో 15,660 ఇళ్లున్నాయి, తొమ్మిది నుంచి పదకొండు అంతస్తుల భవనాల్లో. వెడల్పాటి రోడ్లు, గాలీ వెలుతురూ ఉన్నాయి. ఐడీహెచ్ లాంటివి నలభై కాలనీలు కడితే గానీ ఇన్ని ఇళ్లు రావు. నగరంలో సొంత గూడు లేనివారి వరుస ఎంత పొడవో తెలిసినవారెవరూ దీన్ని తీసిపారేయలేరు, నేనూ తీసిపారేయను. నా అభ్యంతరం కట్టడం మీద కాదు, పంచిన తీరు మీద. లబ్ధిదారులను డ్రా తీసి ఎంపిక చేశారు. డ్రా పక్షపాతం లేనిదే, కానీ దానికి మనిషి పని ఎక్కడుందో తెలియదు. తెల్లాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో పనిచేసే వాచ్‌మన్‌కు కొల్లూరు వరం. సికింద్రాబాద్‌లో ఇళ్ల పనిచేసే ఆడమనిషికి అదే ఇల్లు రోజుకు నాలుగు గంటల శిక్ష. చీటీ తీసే ముందు ‘మీ పని ఎక్కడ?’ అన్న ఒక్క గడి దరఖాస్తులో ఉండి, దానికి విలువిచ్చి ఉంటే ఇవే గోడలు రెట్టింపు మేలు చేసేవి.

ఇక కోకాపేట. 2021 జులైలో ఇక్కడ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ సుమారు 50 ఎకరాలు వేలం వేస్తే రెండు వేల కోట్లు వచ్చాయి. 2023 ఆగస్టులో ఒక ఎకరం 100.75 కోట్లు పలికింది, అంటే గజం రెండు లక్షల పైమాట. ఆ ధరకు కొన్నవాడు ఆకాశం వైపే కట్టాలి. 2006 నుంచి హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే లెక్క) పరిమితి లేదు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ వంటివే ఎత్తును తేలుస్తాయి కాబట్టి కట్టగలడు కూడా. ఈ టవర్ల వల్ల పని పుట్టింది, ఖజానాకు డబ్బు వచ్చింది. కాదనను. కొనేవారికి స్థిరాస్తి నియంత్రణ చట్టం ‘రెరా’ రక్షణ ఉంది: వారు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, నిర్మాణ లోపాలకు ఐదేళ్లు బిల్డరే బాధ్యుడు.

కట్టేవాడి సంగతో? లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1న ఇక్కడి లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. సుమారు 1,200 మంది ఎక్కారు. సంగారెడ్డి వైపు నిర్మాణ పనులకు వచ్చినవారు వాళ్లు. పని ఆగిన ఐదారు వారాల్లోనే ఇక్కడ బతికే దారి మూసుకుపోయింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మికుల సంక్షేమానికి సెస్సుగా కట్టాలని 1996 నుంచి చట్టముంది. 2020 జులైలో అందుబాటు అద్దె ఇళ్ల పథకానికీ కేంద్రం ఆమోదం తెలిపింది. వందకోట్ల ఎకరాల పక్కన ఈనాటికీ నాకు కనిపిస్తున్నవి రేకుల షెడ్లే.

నా ఓటు ముందుగా భోయిగూడకు. బస్తీ ఉన్నచోటే తిరిగి కట్టే వీలున్నప్పుడు, ఆలస్యమైనా, తలనొప్పులున్నా అదే చేయాలి. వీలులేనప్పుడు కొల్లూరు, కానీ పనిచేసే చోటును బట్టి కేటాయింపు, తెల్లవారుజామున నేరుగా నడిచే బస్సు, లిఫ్టుల నిర్వహణకు నిధి ఉండాలి. కోకాపేటను వేలానికి ముందే ఒక షరతుతో ఒప్పుకుంటాను: అదే లేఅవుట్‌లో కొంత నేలను అక్కడ వండేవారికి, ఊడ్చేవారికి, కాపలా కాసేవారికి అద్దె ఇళ్ల కోసం విడిగా ఉంచాలి. గజం రెండు లక్షలకు అమ్ముడయ్యాక ఆ నేలను వెనక్కి అడగడం ఎవరి తరమూ కాదు.

మొన్న ఆమె వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. “అమ్మా, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. పిల్లల్ని అక్కడి బడిలోనే వేశాను” అంది. ఇద్దరికి ఫోను చేశాను. ఒకరు వచ్చే నెల నుంచి రమ్మన్నారు.