ఫ్లాట్‌బెడ్ స్కానర్: పాత ఫొటోల పెట్టె తెరిచే తాతయ్యలకు

రిటైరయ్యాక పాత ఆల్బమ్‌లు ముందేసుకుని కూర్చునేవాళ్లు ఏ స్కానర్ కొనాలని అడిగితే నా జవాబు ఒకటే: ఏ4 సైజు ఫ్లాట్‌బెడ్ (ఫొటోని అద్దం మీద బోర్లించి మూత వేసే రకం), అందులోనూ సీసీడీ రకం (బొమ్మని లెన్సు ద్వారా చూసే సెన్సరున్నది), ఫిల్మ్ కోసం మూతలో లైటున్నది. ఏళ్ల తరబడి వాడుతున్నాక చెబుతున్న మాట ఇది. బరువు ఎక్కువ, చోటు ఎక్కువ తింటుంది, వేగం తక్కువ. అయినా ఈ పనికి ఇదే నప్పుతుంది.

సీసీడీ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పల్చగా, తేలిగ్గా, యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకునే స్కానర్లలో ఎక్కువగా ఉండేది సీఐఎస్ అనే ఇంకో రకం సెన్సర్. అది అద్దాన్ని అంటుకుని ఉన్నదాన్నే స్పష్టంగా చూస్తుంది. పాత ఫొటోలు ఎప్పుడూ వంకర తిరిగే ఉంటాయి. అంచు రెండు మూడు మిల్లీమీటర్లు లేచినా చాలు, అక్కడ మసకేస్తుంది. సీసీడీ ఆ మాత్రం ఎత్తుని తట్టుకుంటుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని ఊడబెరక్కుండా, అద్దంతో సహా బోర్లించి స్కాన్ చేసుకోవచ్చు. అప్పుడు మూత పడదు కాబట్టి పైన నల్లగుడ్డ కప్పాలి. ఫొటోల్ని రోలర్లతో లోపలికి లాక్కునే ఫీడర్ రకం పాత ఫొటోలకి వద్దే వద్దు. ఒక్క ఇసుక రేణువు చిక్కిందంటే ఆ తర్వాత వెళ్లిన ప్రతి ఫొటో మీదా గీత పడుతుంది.

డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా స్కాన్ చేయాలన్న సంగతి, మొదటిరోజే తేల్చుకోవాలి. లేకపోతే సగం ఆల్బమ్ ఒక కొలతలో, మిగతా సగం ఇంకో కొలతలో తయారవుతుంది. మామూలు 4×6 అంగుళాల ఫొటోకి 600 డీపీఐ సరిపోతుంది: 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, కంప్రెస్ చేయని టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫొటో ఫైలు రకం) ఫైలు సుమారు 26 ఎంబీ అవుతుంది. వెయ్యి ఫొటోలకి 26 జీబీ అన్నమాట, ఈ రోజుల్లో పెద్ద లెక్కేం కాదు. గుర్తింపు కార్డుకి అంటించిన చిన్న ఫొటోలకీ, గుంపు ఫొటోల్లో పొట్లగింజంత ముఖాలకీ మాత్రం 1200 పెట్టాలి. డబ్బా మీద 4800, 6400 అని అచ్చేసిన అంకెల్ని నమ్మొద్దు. ఈ తరగతి స్కానర్లలో ఫిల్మ్ నుంచి నిజంగా రాబట్టగలిగే వివరం అందులో సగం కూడా ఉండదు. 35 ఎంఎం నెగటివ్‌కి 2400 పెడితే దాదాపు 3400×2260 పిక్సెళ్లు వస్తాయి. అక్కడ ఆగిపోవడం మేలు, అంతకు మించితే ఫైలు ఉబ్బుతుందే తప్ప బొమ్మ తేటపడదు.

అద్దం మీద ఒకేసారి ఎన్ని పడతాయో కూడా లెక్క ఉంది. 4×6 ఫొటోలు నాలుగు పడతాయనుకుంటారు గానీ పట్టవు. రెండు నిలువుగా పక్కపక్కన, వాటి కింద ఒకటి అడ్డంగా, మొత్తం మూడే. 3.5×5 సైజువైతే నాలుగు హాయిగా సర్దుకుంటాయి. మధ్యలో కనీసం అర సెంటీమీటరు ఎడం ఉంచకపోతే సాఫ్ట్‌వేర్ రెంటినీ కలిపి ఒకే ఫొటో అనుకుంటుంది. తెల్ల అంచున్న ఫొటోల్ని దానంతటదే కత్తిరించేటప్పుడు ఆ అంచుని కోసిపారేస్తుంది. ఆటోమేటిక్ క్రాపింగ్ ఆపేయండి. కొన్ని ఫొటోలకి ఆ తెల్ల అంచు మీదే నెలా, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. అది ఫొటో కడిగిన నెల, తీసిన నెల కాకపోవచ్చు. అయినా ఆధారం ఆధారమే.

నలుపు తెలుపు ఫొటోల్ని గ్రేస్కేల్‌లో స్కాన్ చేయడం చాలామందికి అలవాటు. నా మాట వినండి, వాటినీ రంగుల్లోనే చేయండి. రంగుల స్కాన్‌లో బొమ్మ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా ఉంటుంది, వాటినే ఛానళ్లంటారు. పసుపు, గోధుమ రంగు మరకలు నీలం ఛానల్లో ముదురుగా కనబడతాయి, ఎరుపు ఛానల్లో దాదాపు మాయమవుతాయి. తర్వాత ఎరుపు ఛానల్ ఒక్కటే ఉంచుకుంటే సగం మరమ్మతు అక్కడే అయిపోతుంది. గ్రేస్కేల్‌లో చేశారంటే ఆ అవకాశం పోయినట్టే. ఆల్బమ్ చీకట్లో మగ్గినా 1970ల నాటి రంగుల ఫొటోలు ఎర్రబడటానికి కారణం వేరు: వాటిలో సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసిన) రంగు ముందుగా వెలిసిపోయింది. స్కానర్ సాఫ్ట్‌వేర్లో ఉండే 'కలర్ రిస్టొరేషన్' బటన్ ముఖాల్ని పచ్చగా చేస్తుంది. దాన్ని వదిలేసి, విడిగా ఫొటో ఎడిటర్లో వెలుగూ రంగులూ సరిదిద్దే కర్వ్స్‌లో సరిచేయడమే నయం. గరుకు కాగితం మీద అచ్చేసిన ఫొటోలకి స్కాన్‌లో తెల్ల చుక్కలు మెరుస్తాయి. ఫొటోని 180 డిగ్రీలు తిప్పి రెండోసారి స్కాన్ చేసి, రెంటినీ కలిపితే ఆ మెరుపు బాగా తగ్గుతుంది.

ఇక దుమ్ము. ఈ వ్యవహారంలో సగం టైము దానికే పోతుంది. రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, మెత్తటి బ్రష్షుతో దులపాలి, నోటితో మాత్రం ఊదకూడదు. అద్దం తుడిచే ద్రవాన్ని గుడ్డ మీద చల్లుకోవాలి. అద్దం మీదే చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. స్కాన్‌లో చుక్క కనబడితే అద్దాన్ని తుడిస్తే పోతుంది. అదే ఒక చివర్నుంచి ఇంకో చివరిదాకా తిన్నని గీత పడి, ఎన్ని ఫొటోలు మార్చినా అక్కడే ఉందంటే ఫొటో తప్పు కాదు. స్కాన్ మొదలయ్యే ముందు యంత్రం తన కొలత సరిచూసుకునే పట్టీ ఒకటి ఉంటుంది, దాని మీద దుమ్ము పడిందని అర్థం. ఫిల్మ్ స్కాన్‌లో ఇది ఇంకా ఎక్కువ. ఫిల్మ్‌ని పట్టి ఉంచే చట్రం, అంటే ఫిల్మ్ హోల్డర్, పైభాగంలో ఖాళీగా వదిలిన సందు యంత్రం ఈ కొలత సరిచూసుకోవడానికే ఉంది. ఆ సందుని ఫిల్మ్‌తో మూసేస్తే రంగులు తారుమారవుతాయి.

కొన్నేళ్లకి అద్దం లోపలివైపు తెల్లటి పొర కడుతుంది, ప్లాస్టిక్ భాగాల నుంచి వచ్చే ఆవిరి వల్ల. నల్లటివి బూడిద రంగుకి తిరుగుతాయి, తెల్లచొక్కా చుట్టూ వెలుగు పరుచుకున్నట్టు కనిపిస్తుంది. ఈ యంత్రంలో నాకు పెద్ద అసంతృప్తి ఇదే. పైనుంచి ఎంత తుడిచినా పోదు, స్క్రూలు విప్పాల్సిందే. చేతులు వణికేవాళ్లు మరొకరిని తోడు పెట్టుకోండి.

నెగటివ్‌ల మీద దుమ్ముని ఇన్‌ఫ్రారెడ్‌తో పసిగట్టి చెరిపే సదుపాయం రంగుల ఫిల్మ్‌కి అద్భుతంగా పనిచేస్తుంది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మే వెండి కాబట్టి, ఇన్‌ఫ్రారెడ్ దాన్నీ మురికి అనుకుని ముఖాల్ని చెరుపుతుంది. అక్కడ ఆపేయాలి. నెగటివ్ తిరగబడి పెట్టామేమో తెలుసుకోవడానికి చొక్కా జేబు చూడండి, మగవాళ్ల చొక్కాకి సాధారణంగా ఎడమవైపే ఉంటుంది.

అంటుకునే పేజీల ఆల్బమ్‌లో ఇరుక్కున్న ఫొటో కింద పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని దూర్చి, రంపంలా మెల్లగా లాగితే చాలావరకు ఊడొస్తుంది. రాకపోతే పట్టుబట్టకండి, పేజీతో సహా స్కాన్ చేయండి. ఫొటో వెనక రాతుంటే వెనకవైపు కూడా తప్పక స్కాన్ చేసి, అదే అంకె పక్కన 'వెనక' అని పేరు పెట్టండి.

ఒక్కో ఫొటోకి నిమిషానికి అటూ ఇటూ పడుతుంది. ఆ నిమిషమే ఈ యంత్రం గొప్పతనం, ఎందుకంటే పేర్లు రాసుకునే వ్యవధి అదే. ఫొటో పదేళ్ల తర్వాతైనా స్కాన్ చేయొచ్చు, అందులో ఉన్నదెవరో చెప్పగలిగిన మనిషి అప్పటికి ఉండాలి కదా. ఫైలు పేరులో సంవత్సరం, నెల ముందుండాలి: 1974-05 అని మొదలైతే వరసలో పడతాయి. స్కానర్ ఫైల్లో వేసేది స్కాన్ చేసిన తేదీ కాబట్టి దాన్ని ఫొటో ఫైల్లోని తేదీ లాంటి వివరాల్ని మార్చే ప్రోగ్రాం ఎగ్జిఫ్‌టూల్‌తో మార్చాలి. పేర్ల దగ్గర 'అత్తయ్య', 'పెద్దనాన్న' అని వదిలేయకండి. మీకు అత్తయ్య అయినావిడ మనవడికి ఏమవుతుందో వాడికెలా తెలుస్తుంది? అసలు పేరు రాసి, ఎవరి కూతురో ఎవరి భార్యో కలపండి. గుంపు ఫొటోలో పేర్లు ఎడమ నుంచి కుడికి, వెనక వరస ముందు రాయండి.

సరదా సంగతి కూడా చెప్పాలి. 1200లో స్కాన్ చేసి గోడ మీద క్యాలెండర్‌ని పెద్దది చేస్తే జనవరి 1 ఆదివారమని కనబడిందనుకోండి, 1960, 70ల్లో అది 1961, 1967, 1978 సంవత్సరాల్లో వచ్చింది. ఇక పిల్లల ఎత్తుని బట్టి ఏ ఏడాదో తేల్చొచ్చు. మనవలకి ఈ డిటెక్టివ్ పని అప్పజెబితే మూత తీయడం, బ్లోయర్ ఊదడం వాళ్లే చేసిపెడతారు.

పాత యంత్రం తీసుకునేవాళ్లకి ఒక మాట. కంప్యూటర్ కొత్త వెర్షన్‌కి మారాక కంపెనీ డ్రైవర్ ఇవ్వడం మానేసే ప్రమాదం ఉంది, అప్పుడు వ్యూస్కాన్ అనే విడి స్కానింగ్ సాఫ్ట్‌వేర్ చాలా మోడళ్లని నడిపిస్తుంది. అసలు పవర్ అడాప్టర్, ఫిల్మ్ హోల్డర్లు ఉన్నాయో లేదో చూడండి, హోల్డర్లు విడిగా దొరకడం కష్టం. తెల్లకాగితం ఒకటి స్కాన్ చేయించి కాంట్రాస్ట్ పెంచి చూస్తే గీతలు, పొర అన్నీ బయటపడతాయి. ఇంటికి తెచ్చాక లోపలి బండిని బిగించి ఉంచే తాళాన్ని విప్పాకే స్విచ్ వేయండి, లేకపోతే గరగరమని శబ్దం చేస్తుంది.