72వ బ్రిగేడ్, 93వ బ్రిగేడ్: ఎవరి పేరు ఎవరిది?

72వ, 93వ బ్రిగేడ్లు రెండూ ఉక్రెయిన్ సైన్యంలోని మెకనైజ్డ్ బ్రిగేడ్లే, అంటే కవచ వాహనాల్లో కదిలే దళాలు. రెండూ రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ డివిజన్ల నుంచి వచ్చినవే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్లు 'గార్డ్స్' అనే పాత సోవియట్ గౌరవ బిరుదు మోశాయి. 2016లో అది తీసేశారు. మరి కొత్త పేరు కోసం ఎవరిని తలచుకోవాలి? దారులు వేరైంది ఇక్కడే.

బిలా త్సెర్క్వాలోని 72వ బ్రిగేడ్‌కు 2017లో 'నల్ల జపొరోజియన్ల' పేరు పెట్టారు. వాళ్లు 1918-20 మధ్య ఉక్రెయిన్ పీపుల్స్ రిపబ్లిక్ (అప్పటి స్వతంత్ర ఉక్రెయిన్ రాజ్యం) తరఫున పోరాడిన గుర్రపు దళం. నాయకుడు పెత్రో ద్యాచెంకో. అంటే ఇది సైన్యం నుంచి సైన్యానికి వచ్చిన వారసత్వం.

93వ బ్రిగేడ్‌కు 2018లో వచ్చిన 'ఖొలోద్నీ యార్' అనేది ఒక అడవి పేరు. చెర్కాసీ ప్రాంతంలోని ఆ అడవి చుట్టుపక్కల పల్లెల రైతులు 1919 నుంచి కొన్నేళ్లపాటు బోల్షివిక్కుల మీద తిరగబడ్డారు. మోత్రోనిన్ మఠం వాళ్ల స్థావరం. వాళ్ల నల్లజెండా మీద రాసుకున్నది ఇది: "ఉక్రెయిన్ స్వేచ్ఛ, లేదా మరణం".

నా మనసు ఈ రెండో పేరు వైపే మొగ్గుతుంది. పొలం వదిలి తుపాకీ పట్టిన రైతులను ఒక ప్రభుత్వ సైన్యం తన పూర్వీకులుగా చెప్పుకోవడం చిన్న విషయం కాదు. పోరాటంలో మాత్రం ఎక్కువ తక్కువలు చూడలేం. 2022లో రష్యా దండెత్తినప్పుడు 72వది కీవ్ పక్కన మోష్చున్ గ్రామంలో అడ్డంగా నిలబడింది, 93వది ట్రోస్ట్యానెట్స్ పట్టణాన్ని విడిపించింది.