కుక్క మందుని పిల్లికి అంటగడుతున్నారు, జాగ్రత్త!

పిల్లులు పెంచుకునేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మన మెయిన్ రోడ్డు మీద ఉన్న పెట్ షాపు గురించే. పేరు రాయను, ఈ చుట్టుపక్కల వాళ్లకి ఎలాగూ తెలుసు.

మా పిల్లి చిన్ని ఒంటి నిండా పేలు. గోక్కుని గోక్కుని మెడ దగ్గర బొచ్చు ఊడిపోయింది. పిల్లి మందు ఇమ్మంటే, "అది రేటెక్కువ మేడమ్. ఇది కుక్కకైనా పిల్లికైనా ఒకటే, సగం పిండండి చాలు" అని ఒక పైపెట్ (చర్మం మీద పిండే చిన్న మందు గొట్టం) చేతిలో పెట్టాడు. బాక్సు లేదు, బిల్లు లేదు. "పిల్లికి పర్లేదా?" అని రెట్టించి అడిగితే "రోజూ అమ్ముతున్నాం కదా" అన్నాడు.

సాయంత్రం వేశాను. రాత్రికల్లా చెవులు అదరడం, చొంగ కారడం, తర్వాత ఒళ్లంతా వణుకు. నిలబడబోతే పక్కకి పడిపోతోంది. డాక్టర్ గారు పైపెట్ చూడగానే "ఇందులో పర్మెత్రిన్ ఉందమ్మా, పిల్లులకి విషం" అన్నారు. కుక్క కాలేయం ఆ మందుని తట్టుకుంటుంది. పిల్లి కాలేయానికి దాన్ని విరిచే శక్తి చాలా తక్కువట. దీనికి ప్రత్యేకంగా విరుగుడు కూడా లేదు. వణుకు తగ్గడానికి ఇంజెక్షన్లు, సెలైన్, గిన్నెలు తోమే లిక్విడ్‌తో స్నానం. ఎలాగో బతికింది.

మర్నాడు షాపుకి వెళ్లి అడిగాను. "మీ పిల్లే వీక్‌గా ఉందేమో. మా దగ్గరే కొన్నారని ఏంటి గ్యారంటీ? బిల్లు చూపించండి" అంటాడు. బిల్లు ఇవ్వనిది తనే! అతను ఆ మాట అంటుండగానే వెనక అరలో అదే మందు బాక్సు కనిపించింది. దాని మీద పిల్లి బొమ్మ, బొమ్మకి అడ్డంగా గీత. పిల్లికి వేయకూడదని బాక్సు మీద అంత స్పష్టంగా ఉంటే, బాక్సు తన దగ్గరే ఉంచుకుని లోపలి పైపెట్ నాకు అమ్మాడు. "మరి ఇదేంటి?" అని వేలు పెట్టి చూపిస్తే, "ఒక పిల్లి కోసం ఇంత గొడవా? కస్టమర్లు ఉన్నారు, జరగండి" అన్నాడు. అక్కడ అది ప్రాణాల మీదకి వచ్చి పడుంటే మనిషన్నవాడు అనే మాటేనా అది?

విడి పైపెట్ ఎవరిచ్చినా తీసుకోకండి. ఫిప్రోనిల్ అనే పేల మందు ఉన్న పిల్లుల పైపెట్ వేరే దొరుకుతుంది, ఎనిమిది వారాలు దాటిన పిల్లులకే వేయాలి. అంతకన్నా చిన్నవాటికి పళ్లు దగ్గరగా ఉన్న పేల దువ్వెనతో దువ్వి, పేలని సబ్బు నీళ్లలో ముంచేయండి. ఖర్చు దాదాపు ఉండదు. గుడ్లు ఎక్కువగా రాలేది అది పడుకునే చోటే కాబట్టి ఆ గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలి, ఇల్లు మూలమూలలా ఊడవాలి. కర్పూరం, టీ ట్రీ ఆయిల్, ఫినాయిల్, కిరోసిన్ లాంటివి ఎవరు చెప్పినా పిల్లికి పూయకండి. ఇంట్లో కుక్కకి పర్మెత్రిన్ వేస్తే పిల్లిని దాని దగ్గరికి పోనివ్వకండి. ఒకవేళ ఇప్పటికే పిల్లికి వేసేసి వణుకు మొదలైతే, కడుగుదాంలే అని కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. ఆ పైపెట్ మాత్రం వెంట తీసుకెళ్లండి.